మీ స్టాంపు అడిగాడండీ

ఏమండీ,

ఇవాళ టీవీలో పార్లమెంటు చూశాను. మీరుంటే కుర్చీలో కుదురుగా కూర్చునేవారు కాదు. నేనూ కూర్చోలేకపోయాను. రిజిస్టరైనవాళ్లే ఆర్కిటెక్టులమని చెప్పుకోవాలని ఒకాయన, దానివల్ల పేదవాడి ఇంటికేం ఒరుగుతుందని మరొకాయన ఒకటే అరుపులు. సగం బెంచీలు ఖాళీ. ఇల్లు కూలితే ఎవరిది బాధ్యతో తేలకుండానే చర్చ వాయిదా పడింది.

అంతలో మీ తమ్ముడొచ్చాడు. పటమటలో అయిదంతస్తులు కడతాడట.

"అన్నయ్య ఆర్కిటెక్టు స్టాంపు ఉందిగా వదినా? పాత తేదీ వేసి ప్లాను మీద కొట్టేద్దాం. అందరూ చేసేదే!"

మీరు పోయి ఏడాదైనా నిండలేదు. నాకు ఒళ్లు మండింది.

"మట్టి చూశావా?" అన్నాను.

"ఈ రోజుల్లో మట్టెవరు చూస్తారు వదినా?" అని నవ్వాడు.

మీరు చూసేవారు. ప్రతి స్థలం నుంచీ తడి నల్లమట్టి ముద్ద తెచ్చి, వంటింటి కిటికీలో ఎండబెట్టేవారు. అదెంత పగిలితే పునాది అంత లోతుకి వెళ్లాలనేవారు. అది చూశాకే పెన్సిలు పట్టేవారు.

"ముందు మట్టి తీసుకురా, తర్వాత స్టాంపు సంగతి చూద్దాం," అన్నాను. విసురుగా వెళ్లిపోయాడు. స్టాంపు బియ్యం డబ్బాలో దాచాను. అయినా కాలు నిలవక ఇల్లంతా తిరుగుతున్నాను.

మీరు తెచ్చిన ఆఖరి ముద్ద ఇంకా కిటికీలోనే ఉంది. ఇవాళ చేతిలోకి తీసుకుని చూశాను. నా వేలు దూరేంత పగిలిందండీ. ఏ స్థలానిదో మీరు చెప్పనే లేదు. అక్కడ ఈపాటికి ఎవరో శ్లాబు వేసేస్తుంటారు.