చల్లటి వెండి

చిరంజీవి అమ్మాయికి మీ నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాం. నీ క్షేమం అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. నా కళ్ళజోడు మార్పించాను. కొత్త అద్దాల్లోంచి చూస్తే నా పాత పనిలో కొన్ని గీతలు వంకరగా ఉన్నాయి. ఈ మాట బయట అనకు. ఎదురింటి వాచీల రిపేరాయన ఇప్పటికీ మన మెట్ల మీదే మకాం. ఒక్క పుస్తకం తెరిచిన పాపాన పోలేదు గానీ, నేను చదివిన ప్రతి పుస్తకం మీదా ఆయనకో అభిప్రాయం ఉంది.

ఇక మీ మేస్త్రి. "మీ నాన్న ఇంకా పుస్తకాలే నములుతున్నాడా?" అని అడిగాడని రాశావు. నములుతున్నాననే చెప్పు. వాడూ నేనూ ఒకే గురువు దగ్గర, ఒకే బల్లకు ఆ చివరా ఈ చివరా కూర్చుని చెక్కడం నేర్చుకున్నాం. వాడు చెక్కిన లతలు నీళ్ళు పోసే దిక్కులేనట్టు ఉండేవి. కానీ మాట తీపి. అందుకే వాడికి అంత పెద్ద దుకాణం, నాకు కిటికీ పక్కన ఒక బల్ల. వాడి దగ్గర పరీక్షకు వెళ్తానని నువ్వన్నప్పుడు "నీ ఇష్టం" అన్నాను. అది నా ఇష్టం కాదని నీకూ తెలుసు.

ఆ పరీక్షలో అందరి ముందూ చెక్కేటప్పుడు కదలకుండా కర్ర చివర లక్కలో అతికించిన నీ వెండి మూత ఊడిపోయి, ఉలి జారి, పువ్వు మధ్యలో అడ్డంగా గీత పడింది. "లక్క పట్టించడం కూడా నేర్పలేదా మీ నాన్న?" అని వాడు నిన్ను చెక్కుడు బల్ల దగ్గర్నుంచి లేపి పాలిష్ పనిలో పెట్టాడు. "వెండిని వేడి చేశాననే నా గుర్తు. చేసి ఉంటే ఎందుకు ఊడుతుంది నాన్నా?" అని నన్నడిగావు. నేను పేజీన్నర పాఠం రాసి పంపాను. ముక్కను ముందు వేడి చేయకపోతే లక్క అంటుకున్నట్టు కనిపిస్తుంది గానీ పట్టుకోదు, ఉలి పోటు తగలగానే వదిలేస్తుంది, ఇకమీదట ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యి, అని. అందులో ప్రతి వాక్యమూ నిజం. నా జన్మలో అంతకంటే పెద్ద అబద్ధం రాయలేదు.

ఇప్పుడు నీ జవాబు వచ్చింది. "నువ్వన్నదే నిజం నాన్నా, మరిచిపోయి ఉంటాను. ఉలి పట్టుకుంటే ఆ అడ్డగీతే కనిపిస్తోంది. చెక్కడం మానేస్తాను." మీ అమ్మ దీన్ని పైకి చదివి, కాగితం మడిచి, నా చేతివంక చూసింది.

"ఆ బొటనవేలు కాలింది పిల్ల ప్రయాణమయ్యే ముందురోజేగా?"

"టీ గిన్నె తగిలిందని చెప్పానుగా."

"పెళ్ళయిన దగ్గర్నుంచి మీరు పొయ్యి దగ్గరికొచ్చింది చుట్ట అంటించుకోడానికే. ఏ టీ గిన్నండీ?"

నేను ఆ వేలిని పిడికిట్లో దాచుకున్నాను.

"మీరు రాస్తారా, నన్ను రాయమంటారా? నాకు ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా రావు గానీ, విషయం వచ్చు."

అందుకని నేనే రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం నువ్వు టికెట్టు కోసం వెళ్ళావు. లక్క కర్ర మీద, పరీక్షకు తీసుకెళ్ళాల్సిన నీ మూత, సగం చెక్కిన పువ్వుతో, కిటికీ వెలుగులో ఉంది. దాని వెనకవైపు పనివాడి గుర్తుగా నీది వేశావో, నేర్పినందుకు నాదీ వేశావో చూడాలనిపించింది. దీపం వెలిగించి లక్కను మెత్తబరిచి మూతను ఊడదీశాను. నీ గుర్తు ఒక్కటే ఉంది. నాది లేదు. నా గురువు గుర్తు నేనూ ఏనాడూ వేయలేదనుకో, అయినా కడుపు మండింది. నేర్పింది నేను, పేరు నీది, చూసి మెచ్చుకునేది వాడు! అలా కూర్చునుండగానే వెండి చల్లారిపోయింది. గేటు చప్పుడైంది. లక్కకు గబగబా సెగ చూపించి, చల్లటి వెండిని అలాగే నొక్కేసి, అంచు వేలితో సరిచేశాను. వేలు కాలింది. చూడ్డానికి మాత్రం నిక్షేపంలా ఉంది.

ఇంతవరకూ కంగారు అనుకో. మర్నాడు గుమ్మంలో కర్ర నా చేతికిచ్చి, "నాన్నా, పట్టు సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూడు" అన్నావు. గోటితో అంచు తట్టాను. మోత డొల్లగా వచ్చింది, అంటే లక్క పట్టలేదు. మళ్ళీ పట్టించడానికి వ్యవధి ఉంది. కానీ ఎందుకు విప్పావని అడుగుతావు, చెప్పాల్సొస్తుంది. వాడి దుకాణంలో నీకు చోటు దొరక్కపోతే ఇంటికొస్తావన్న ఆలోచన కూడా ఆ క్షణాన వచ్చింది. వచ్చింది, దాచను. "బాగానే ఉంది, వెళ్ళిరా" అన్నాను. పుస్తకాల్లో తండ్రులు ఇలాంటివి పోయే ముందు చెప్పి మన్నింపు కొట్టేస్తారు. నాకు పోయే ఉద్దేశం ఇప్పట్లో లేదు. నువ్వు నన్ను ఎన్నాళ్ళు తిడతావో అన్నాళ్ళూ ఉండి వింటాను.

నిన్ననే మీ మేస్త్రికి వేరే ఉత్తరం పోస్టులో వేశాను. లక్క పాడుచేసింది నేనేననీ, పిల్లకు బల్ల తిరిగి ఇవ్వమనీ రాశాను. "దయచేసి" అని కూడా రాశాను. వాడు దాన్ని దుకాణమంతా చదివి వినిపిస్తాడు. నువ్వు తలదించుకోకు, వాడితో కలిసి నవ్వు.

ఒక్కటి మిగిలింది. ఆ మధ్యాహ్నం నీ మూతకు దీపం చూపిస్తే కదల్లేదు. ఇంకాసేపు చూపించి, కత్తి మొన పెట్టి లేపబోయాను. అప్పుడూ రాలేదు. లక్క కాలి పొగ వచ్చేదాకా నీ పట్టు వదల్లేదు. నువ్వు వెండిని వేడి చేశావు తల్లీ. ఎంత చేయాలో అంతే చేశావు. అంత చక్కగా పట్టించడం నా వల్ల ఏనాడూ కాలేదు.

ఇట్లు,
నీ పని చెడగొట్టిన
నాన్న