ముత్తాత తవ్విన చీకటి

రాయగడ, 14-11-2024. వంట అయింది, బట్టలు ఆరేశాను, బిందుశ్రీ నిద్రపోతోంది.

అత్తయ్యగారికి నమస్కారం. కడుపుతో ఉన్న పిల్లకు సొరంగం చీకటి గ్రహణంతో సమానమని భయపడ్డారు కదా, మీ మనవరాల్ని కోరాపుట్ నుంచి పురిటికి రైల్లో క్షేమంగా తీసుకొచ్చాను. లోయల నిండా మంచు, కలలో పోతున్నట్టే ఉంది. సొరంగం రాగానే బిందు కళ్లు మూసుకుని బిగుసుకుపోయేది.

"ఏటమ్మి, సీకటి పడితే బొమ్మయిపోతన్నావు?" అంది పక్కసీటు ముసలమ్మ.

"గ్రహణంలో కదలకూడదని మా మామ్మ సెప్పింది."

పొడుగాటి సొరంగంలో ఉన్నట్టుండి బిందు నా చెయ్యి లాక్కుని కడుపు మీద పెట్టుకుంది. "నేను కదలకపోయినా ఈడు ఊరుకోడమ్మా."

"ముత్తాత తవ్విన సొరంగమే ఇది. ఆడికి బయమేటి?" అన్నాను. మావయ్యగారు గుర్తొచ్చారు.

మోకాళ్లు ఎలా ఉన్నాయి? బిందుకి జావ కాయడానికి చోళ్లపిండి పంపండి. రైలు దిగి, మీరు మొక్కుకున్న కొబ్బరికాయ మజ్జిగౌరమ్మకు కొట్టాను. ఆ బాకీ తీరింది.

మీ కోడలు
రామతులసి