మొండిప్రాణం

అన్నయ్యా,

చెరకు ట్రాక్టర్ తిరగబడిన రోజు మనిద్దరికీ రక్తం బాగా పోయింది. ఆసుపత్రిలో రక్తం ఎక్కించాక కూడా నీ కళ్లు పచ్చబడ్డాయి. మామూలు కామెర్లే అనుకుని నాన్నమ్మ పసరు నూరి తెచ్చింది. అప్పటికే రక్తం చాలక నీ కాలేయం పాడైపోయింది. నువ్వు పోయాక, మిగిలిన నన్ను ఆవిడ మొండిప్రాణం అంటూ వచ్చింది.

ఈ వారం కాకినాడలో మా కాలేజీ మేడం పాఠం చెప్పారు. కాలేయంలో ఈస్ట్రోజన్‌ను అందుకునే గ్రాహకాలు ఉంటాయట. రక్తం విపరీతంగా పోయినప్పుడు ఆ ఆడ హార్మోన్ వాటి ద్వారా కాలేయాన్ని కాపాడుతుందట. ప్రయోగాల్లో ఆడ ఎలుకలు అందుకే ఎక్కువ తట్టుకున్నాయట. నా విషయంలోనూ అదే జరిగిందని ఎవరూ చెప్పలేరు. అయినా ఆదివారం ఇంటికెళ్లి, నాది మొండితనం కాదేమో అని నాన్నమ్మకు చెప్పాను.

ఆవిడ చింతపండు పిక్కలు తీస్తూ అంతా విని, "మరి అదేదో మీ అన్నకి కూడా కాస్త పెట్టలేకపోయావటే?" అంది.

మన ఇంట్లో ఇలాంటివి చదివేది నేనొక్కదాన్నే. నువ్వుంటే "ఇంకోసారి చెప్పవే" అనేవాడివి.

మగ ఎలుకలకు ఆ హార్మోన్ ఎక్కిస్తే వాటి కాలేయం కూడా నిలబడిందని మేడం చెప్పారు. ఆ ముక్క మాత్రం నాన్నమ్మకు చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

నీ చెల్లి