మరియమాత కాలి బొటనవేలు

నా పేరు ఆరోగ్యమ్మ. కాలం చేసిన ఇన్నాసప్ప భార్యను. వయసు డెబ్బైకి దగ్గర పడింది. కువైట్‌లో ఒక మామా ఇంట్లో, అంటే అరబ్బు యజమానురాలి ఇంట్లో, వంట చేస్తాను. సెలవు దొరికిన శుక్రవారం చర్చిలో పూజకు పోయి, ఖైతాన్‌లో మన ఊరి ఆడవాళ్ల రూముకు వస్తాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మన ఊరి కోడలు ఫిలోమినా రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తగా మార్చవద్దని దానికి ముందే చెప్పాను.

తమ్ముడు శౌరప్పకు అక్క దీవెనలు. నువ్వు, మరదలు ప్రకాశమ్మ, పిల్లలు చల్లగా ఉండాలని ఆ తల్లిని రోజూ అడుగుతున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నాకేమీ కొదవ లేదు, దిగులు పడవద్దు. బయట దుమ్ముగాలికి కళ్లు తెరవలేము, లోపల ఏసీకి కాళ్లు పట్టేస్తాయి, అంతే. మామా మంచిదే. వాళ్లకు మాంసం అన్నం వండిపెట్టి, నేను ఊరగాయ ముద్ద తింటాను. ఈసారి ఇఖామా కాగితం పొడిగించవద్దు, ఖలాస్, ఇక చాలు, ఊరికి పోతానని మామాకు చెప్పేశాను. క్రిస్మస్ లోపల వస్తాను.

ఇక అసలు సంగతి. ఫోన్‌లో అడిగితే సిగ్నల్ లేదని పెట్టేస్తావు. ఉత్తరాన్ని పెట్టేయలేవు కదా.

గుడికి రంగులు వేయించామని నువ్వు వీడియో పంపావు. గోడలు చూశాను, గంట చూశాను, పీఠం ముందు ఫ్రాన్సు సాములవారి సమాధి చూశాను. మరియమాత దగ్గరికి వచ్చేసరికి వీడియో ఆపి మళ్లీ చూశాను. ఎన్నో ఏళ్లుగా అరిగిపోయి ఉన్న ఆ తల్లి కుడికాలి బొటనవేలు నిండుగా ఉంది.

నువ్వు మరిచిపోయి ఉంటే చెబుతాను విను. సున్నం గానుగ ఆడించి ఆ గుడి కట్టించిన ఫ్రాన్సు సాములవారు తన దేశం నుంచి ఆ కొయ్యబొమ్మను ఓడలో తెప్పించారు. రైలు దిగిన పెట్టెను మన తాత ఎద్దులబండిలో తెచ్చాడు. పెట్టెలో బొమ్మ చుట్టూ కుక్కిన గడ్డిని మన ఎద్దులు తినేశాయట. "మన ఎద్దులు ఫ్రాన్సు గడ్డి తిన్న దొరలు" అని జేజి నవ్వేది. అందుకే ఆ తల్లిని పీఠం మీది నుంచి దించాలన్నా మన ఇంటివాళ్లను అడిగి దించడం ఆనవాయితీ. ఈసారి నన్నెవరు అడిగారు?

ఆ వేలు ఎలా అరిగింది? కువైట్‌కు పోయే ప్రతి ఆడమనిషీ బయలుదేరే ముందు కొబ్బరినూనె చేతి బొటనవేలికి రాసుకుని ఆ తల్లి కాలి బొటనవేలు రుద్ది, కళ్లకు అద్దుకుని విమానం ఎక్కింది. మా అందరి రుద్దుడుకు అది నున్నటి మొద్దు అయిపోయింది. వీడియో చూపిస్తే రూములో ఉన్న ఆడవాళ్లంతా ఎవరి బొటనవేలు వాళ్లు చూసుకున్నారు.

నీకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడామో అలాగే రాయిస్తున్నాను.

"ఏమబ్బీ, ఆయమ్మ కాలు కొత్తగా ఉండాదే?"

"రంగేసినాం కదక్కా."

"రంగేస్తే వేలు మొలుస్తాదా?"

"పెయింటరు పుట్టీ పెట్టి సరిచేసినాడులే. నీకన్నీ అనుమానాలే!"

"అట్లయితే పోయి ఫోను దగ్గర పెట్టి కాలిమీద తట్టు. కొయ్య మోగుతాదో, సుద్ద మోగుతాదో ఇంటాను."

"గుడికి బీగమేసినారక్కా... అలో... సిగ్నలు లేదు..."

పట్టపగలు గుడికి బీగమా, శౌరప్పా? సెలవుకు ఊరికి పోయి వచ్చిన లూర్దమ్మ ఇంకో మాట చెప్పింది. పాత కొయ్యసామాన్లు కొనేవాడొకడు మదరాసు నుంచి వచ్చి మన గుడి తలుపులు కొలుచుకుని పోయాడట. తలుపులతోనే ఆగాడా? గుడి కమిటీలో నువ్వు ఉన్నావు. నిన్ను నేను ఎత్తుకుని పెంచాను. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు నన్ను గొంతు సాగదీసి 'అక్కా' అంటావు. ఆరోజు రెండుసార్లు అన్నావు.

వచ్చే శుక్రవారం పూజ అయ్యాక మేమంతా ఇక్కడ కూర్చుంటాం. నువ్వు ఆ తల్లి ముందు నిలబడి వీడియో కాల్ చెయ్యి. చాకుతో ఆ పుట్టీ గీకు. కింద అరిగిన కొయ్య కనిపిస్తే అందరి ముందూ నీకు క్షమాపణ చెబుతాను. ఆ తర్వాత పుట్టీ మొత్తం తీసెయ్యి. ఆ అరిగిన వేలు చెడిపోయిందని మీకు ఎవరు చెప్పారు? అందులో మేమంతా ఉన్నాం.

కొయ్య కనిపించకపోతే, ఆ తల్లి ఎక్కడుందో చెప్పు. నన్ను మళ్లీ ఊరు చేర్చమని మొక్కింది ఆ వేలికే. చేరాక, వచ్చానమ్మా అని ఎవరికి చెప్పాలి?

చిన్నాయనకు నా దండాలు, నన్ను దీవించమను. ఇప్పటి సాములవారికి స్తోత్రాలు. మరదలిని కాస్త ఉలవపిండి విసిరి పెట్టమను, వచ్చాక తింటాను. వేళకు తిను నాయనా. కోపం వేరు, నువ్వు వేరు.

ఆ తల్లి కాలు రుద్దిన బొటనవేలితోనే ఈ ముద్ర వేస్తున్నాను.

ఆరోగ్యమ్మ వేలిముద్ర

సాక్షులు: లూర్దమ్మ, జ్ఞానమ్మ
రాసినది: ఫిలోమినా