రెండో సంతకం

జులై 6, ఆదివారం

ఆరాధన అయ్యాక చర్చి హాల్లో మళ్లీ స్పోకెన్ ఇంగ్లిష్. ఫరీదాబాద్‌లో ఉన్న తెలుగు నర్సులు ముప్ఫై మందిమి. లక్ష్మీపతి సార్ 'ఐ లైక్ టీ' అంటే మేము 'సో డూ ఐ' అనాలి. 'ఐ డోంట్ స్మోక్' అంటే 'నైదర్ డూ ఐ'. చిలకలు నయం. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఈ ఖర్మేమిటో.

నా రూమ్మేట్ రెబ్కా మరీను. ఆ పిల్లకి టీ పడదు. అయినా అందరికంటే గట్టిగా 'సో డూ ఐ' అంది. అదేంటని అడిగితే, సార్ మాట కాదంటే బాగోదు కదక్కా అంది. వెన్నెముక లేని మనిషి.

జులై 9

డ్యూటీలోనూ అదే వరస. ఎవరేమన్నా తలాడిస్తుంది. చూస్తే ఒళ్లు మండుతుంది.

జులై 14, సాయంత్రం

డాక్టర్ ఫోన్లో చెప్పే ఆర్డర్ ఒకరు రాసుకోవాలి, ఇంకొకరు స్పీకర్లో విని పక్కన సంతకం పెట్టాలి. మా వార్డు రూలు. ఇవాళ రెబ్కా రాసింది, నేను విన్నాను. ఇన్సులిన్ పది యూనిట్లు. తిరిగి చదివి వినిపించింది కూడా. నా టీ చల్లారిపోతోందని, సంతకం తర్వాత పెడతానన్నాను. మర్చిపోయాను.

పేషెంట్‌కి షుగర్ పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కిస్తే గంటకి తేరుకున్నాడు. డాక్టర్ తాను నాలుగే చెప్పానంటున్నాడు.

జులై 16

రేపు ఎంక్వైరీ. రెబ్కాకి కంగారే లేదు. అక్సక్క విందిగా, నాకేం భయం అని నా పేరు చెప్పి వాళ్లమ్మతో ఫోన్లో అంటోంది.

జులై 17

మేట్రన్ గది. అంతా ఇంగ్లిష్‌లోనే. డాక్టర్ ఆర్డర్ విన్నారా అని ముందు ఇన్‌చార్జి జెనీఫర్ సిస్టర్ని అడిగారు. 'ఐ డిడ్ నాట్ హియర్ ఎనీథింగ్' అంది. నిజమే, ఆవిడ అప్పుడు వార్డులో లేదు. తర్వాత నా వైపు చూశారు. విన్నానంటే సంతకం ఏదంటారు. నా కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతుంది.

'నైదర్ డిడ్ ఐ' అన్నాను. తడుముకోకుండా వచ్చింది.

మేట్రన్ అచ్ఛా అని రాసుకుంది. రెబ్కా నా వైపు చూసింది.

జులై 18

రెబ్కాని తీసేశారు. సామాను సర్దుకుంటోంది. నన్ను తిట్టినా బాగుండేది. పొరపాటున తన సంచిలోకి వెళ్లిన నా టీ గ్లాసు తీసి, కడిగి, గూట్లో పెట్టింది. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

జులై 20, ఆదివారం

సార్ 'ఐ లైక్ టీ' అన్నారు. అందరూ అన్నారు. నేను అనలేదు. సార్ నన్ను లేపి మళ్లీ అన్నారు.

నాకు టీ పడదు సార్ అన్నాను.