న్యూట్రల్లో కదిలిన ట్రాక్టరు

ఉల్యానా తల్లీ,

ఈ కార్డు రాయకుండానే సరిపెట్టుకుందామనుకున్నాను, కానీ ఊరికే కూర్చోలేకపోతున్నాను. మన గడ్డివామి గడ్డకట్టిన ఓబ్ నది అవతల ఉంది. కొట్టంలో గడ్డి రేపటికే సరిపోతుంది. తేలేకపోతే ఆవును కోయాల్సిందే. చలికి ట్రాక్టరు గేరు ఆయిలు తారులా బిగుసుకుంది. తారంటే మీ తాత పడవ గుర్తొస్తోంది గాని, ఇక్కడ చోటు చాలదు. పొద్దున ఇంజను స్టార్ట్ చేసి, న్యూట్రల్లోనే ఉంది కదా అని తొందరపడి క్లచ్ మీది కాలు తీశాను. ఆ చిక్కటి ఆయిలే గేర్లను పట్టి తిప్పింది. ట్రాక్టరు మెల్లగా పోయి పక్కింటి ప్రోఖోర్ ఆవిరిస్నానాల గుడిసెకు ఆనుకుంది. ప్రోఖోర్ తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, "ఏం బావా, బండికి కూడా వీపు రుద్దాలా?" అన్నాడు.

"ముందు నిప్పులియ్యరా, తర్వాత రుద్దుదువుగాని."

ఆ గుడిసె పొయ్యిలోని నిప్పులే ఇనుప తట్టలో గేరుబాక్సు కింద పెట్టి, చుట్టూ పాత దుప్పట్లు కప్పాం. వాక్యానికోసారి లేచి చూసొస్తున్నాను.

అక్కడ అమ్మ కంటి ఆపరేషను కట్టు విప్పారా? క్యాబేజీ ఊరబెట్టే జాడీలో బరువుకు పెట్టే రాయి ఎక్కడ దాచిందో అడిగి రాయి. అల్లుణ్ణి టోపీ లేకుండా తిరగనివ్వకు. మీరంతా వెచ్చగా ఉండాలి.

ఇప్పుడే ప్రోఖోర్ వచ్చి గేరు పడిందన్నాడు. కార్డు పోస్టులో వెయ్యమని అతని చేతికిచ్చి గడ్డికి బయల్దేరుతున్నాను.

నాన్న