దుబాయ్‌లో విమానం మారేటప్పుడు

అక్కా,

నువ్వు పోయి ఏడాది తిరగకముందే సూరత్ వదిలేశాను. నైరోబీలో ఒక గుజరాతీ వాళ్ళ హోటల్లో దోసెలు వేసే పని దొరికింది. సూరత్ అడాజన్‌లో మనిద్దరం నడిపిన టిఫిన్ బండిని ఇప్పుడు బావ చూసుకుంటున్నాడు.

బండి దగ్గర ఎవరొచ్చినా నువ్వే మాట్లాడేదానివి. నేను పెనం ముందు తల వంచుకుని ఉండేదాన్ని. ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర నీ బిడ్డ స్వాతి అదే గుర్తుచేసింది. "చిన్నమ్మా, జర గట్టిగ మాట్లాడు. ఆడ అమ్మ ఉండదు గదా" అంది. అనేసి నాలుక కరుచుకుంది.

దుబాయ్‌లో విమానం మారాలి. ఎక్కడ చూసినా అద్దాలే, ఒకటే చలి. నేల దానంతటదే కదులుతుంటే కాలు పెట్టలేక పక్కనుంచి నడిచాను. పాస్‌పోర్టు ఉందో లేదోనని సంచి తడుముకుంటూనే ఉన్నాను. చివరికి సన్నటి జడలల్లుకున్న ఒకావిడను "నైరోబీ?" అని అడిగాను. ఆమె తలూపి పక్కన కూర్చోమంది. కాసేపటికి తన చంటిదాన్ని నా ఒళ్ళో పెట్టి నీళ్ళకు వెళ్ళింది.

ఇంతలో జనం లేచి వరుస కట్టారు. ఆమె రాలేదు. పాప నా గాజులు పట్టుకుని లాగుతోంది.

ఆమె పరుగున వచ్చి, నా ముఖం చూసి ఏదో అడిగింది.

"నాకు భయమైతుంది" అన్నాను, తెలుగులోనే. నీతో ఆ మాట చెప్పాల్సిన పని నాకెప్పుడూ పడలేదు.

ఆమెకేం అర్థమైందో, పాపను నా దగ్గరే ఉంచి, నా సంచి తన భుజాన వేసుకుని వరుసలోకి నడిచింది. పాపను పొదువుకుని ఆమె వెనకే వెళ్ళాను.

నీ చెల్లెలు